కాజా తెగితే మంచిదే

లంగా గుడ్డ కొనేటప్పుడు చీర పక్కన పెట్టి రంగు చూస్తాం. వేళ్ళ మధ్య నలిపి గంజి ఎంత పెట్టాడో చూస్తాం. ఉతికితే ఎంత దగ్గరవుతుందని అడుగుతాం. అరగంటైనా కొట్టు దిగం. అదే బొందు, హుక్కులు కొనాల్సి వచ్చేసరికి "పది రూపాయలవి ఇవ్వండి" అని చెయ్యి చాపుతాం. అవి దేంతో చేశారో, ఎంత పెద్దవో, ఏ గుడ్డకు పనికొస్తాయో అడగం. పొద్దున్నే కట్టి రాత్రి పడుకునే ముందు విప్పే బట్టలో లాగుడంతా భరించేది ఆ పది రూపాయల సరుకే.

మా ప్రత్తిపాడు గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉంది. (కాకినాడ వైపు ఇంకో ప్రత్తిపాడు ఉంది, అది వేరు.) ఊరి పేరులోనే పత్తి ఉన్నచోట గుడ్డ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. వేలికొసతో తడిమి పాప్లిన్‌కీ లాంగ్‌క్లాత్‌కీ తేడా చెప్పేవాళ్ళున్నారు. టేపు లేకుండా జేనతో కొలిచి లోపలి బాడీ కత్తిరించినవాళ్ళూ ఉండేవారు. పత్తి మన చేలో పండింది గానీ హుక్కు బజారు నుంచి రావాల్సిందే. అందుకేనేమో మన పాత లోదుస్తులన్నీ లోహం లేకుండానే నడిచాయి. మగవాళ్ళ గోచీని నిలబెట్టింది మొలతాడు. చారల డ్రాయరుకు బొందు, లంగాకూ బొందే. ఆడవాళ్ళ రవికకు ముడి.

ఆ ముడి రవికను పాతకాలపు మోటు బట్ట అని తీసిపారేస్తారు గానీ, నాకది చాలా తెలివైన కుట్టనిపిస్తుంది. ముందు రెండు కొసలు తెచ్చి రొమ్ము కింద ముడేస్తే సరి. నెల తప్పినా, బిడ్డకు పాలిస్తున్నా, ముసలితనంలో ఒళ్ళు తగ్గినా అదే రవిక సరిపోయేది. ఇప్పుడు బ్రా వెనక మూడు వరసల కళ్ళు పెట్టి చేస్తున్న పని ఆ ముడి ఎప్పుడో చేసింది. అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ 1914లో బ్రాకు పేటెంటు పుచ్చుకుంది. ఆమె మొదట కుట్టించుకున్నది రెండు చేతిరుమాళ్ళు, కాస్త రిబ్బనుతో. అక్కడా ముడే!

ఒంటికి అతికినట్టు జాకెట్టు కత్తిరించడం మొదలయ్యాక ముడి చాల్లేదు, హుక్కు వచ్చింది. హుక్కుల పాకెట్టులో జోడీగా లోహపు కన్ను కూడా ఉంటుంది. మనవైపు కుట్టేవాళ్ళు చాలామంది దాన్ని పక్కన పడేసి దారంతో కాజా అల్లుతారు. కన్ను పోయిందనో, పిసినారితనమనో అనుకోకండి. దాని వెనక ఒక లెక్క ఉంది.

కాజా వేసే తీరు ముందు చెబుతాను. పట్టీ అంచున హుక్కు వెడల్పు కంటే రవ్వంత ఎక్కువ దూరంలో రెండు చుక్కలు పెట్టుకోవాలి. దారం రెండు పేటలు చేసి, కొవ్వొత్తి ముక్క మీద లాగితే మైనం పట్టి మెలికపడదు. మా పిన్ని దగ్గర కూర్చున్న మొదటిరోజు నేను కబుర్లు మొదలెడితే, "ముందు దారానికి మైనం పట్టించవే, తర్వాత చెబుదువుగాని" అంది. ఆ రెండు చుక్కల మధ్య దారాన్ని మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తీయాలి. అది గుడ్డకు అతుక్కుని ఉండకూడదు, వేలాడకూడదు. హుక్కు ముక్కు దూరితే చాలు. ఇక ఆ దారాల కట్ట మీద ఒక్కో కుట్టుకూ మెలివేస్తూ, కుట్టు పక్కన కుట్టు ఆనించుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. సూది దారాల కిందుగానే వెళ్ళాలి, గుడ్డలో దిగకూడదు. కొత్తవాళ్ళ సూది పదేపదే గుడ్డను పట్టేస్తుంది. సూదిని తిరగేసి మొద్దువైపు నుంచి దూర్చండి, ఆ బాధ ఉండదు.

ఇప్పుడా లెక్క. ఒంగి బిందె ఎత్తినప్పుడో, బస్సులో పై కడ్డీ అందుకున్నప్పుడో పట్టీ మీద ఒక్కసారిగా లాగుడు పడుతుంది. ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. లోహపు కన్ను తెగదు, తనను పట్టుకున్న గుడ్డను చింపుతుంది. దారపు కాజా అయితే తనే తెగి గుడ్డను కాపాడుతుంది. తెగిన కాజాను పది నిమిషాల్లో మళ్ళీ అల్లుకోవచ్చు. చిరిగిన పట్టీ అతుకు వెయ్యాలంటే జాకెట్టు సగం విప్పాలి. పైగా కాజా ఒంటికి ఒత్తుకోదు, తుప్పు పట్టదు. ఈ పని మామూలు కుట్టుమిషను మీద రాదు కాబట్టి చాలా ఊళ్ళలో టైలర్లు జాకెట్టు కుట్టి, కాజాలూ హుక్కులూ వెయ్యడానికి ఇళ్ళల్లో ఆడవాళ్ళకు పంపుతారు. కుట్టుకూలిలో వాళ్ళకు ముట్టేది చిల్లర. జాకెట్టు విడిపోకుండా నిలిచేది మాత్రం వాళ్ళ చేతికుట్టు మీద.

హుక్కు కుట్టడంలో ఒకే పొరపాటు అందరూ చేస్తారు. హుక్కుకు కింద రెండు చెవులుంటాయి, వాటిని కుట్టేసి దారం తెంపేస్తారు. వంపు దగ్గర, మెడ మీదుగా ఇంకో రెండు కుట్లు పడాలి. లేకపోతే లాగినప్పుడల్లా హుక్కు ముక్కు పైకి లేచి పైట దారాలు పీకుతుంది. హుక్కును అంచు మీదే పెట్టకుండా అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి జరపండి. ఇక హుక్కులు ఎక్కడెక్కడ పెట్టాలి? మెడ దగ్గర మొదలెట్టి ఒకటిన్నర అంగుళానికొకటి లెక్కన దిగుతూ వస్తే, రొమ్ము నిండుగా ఉండే గీత రెండు హుక్కుల మధ్యన పడి అక్కడ పట్టీ నోరు తెరుస్తుంది. పిన్నీసు అవసరం వచ్చేది అక్కడే. మొదటి హుక్కు ఆ గీత మీద పెట్టి, మిగతావి పైకీ కిందకూ పంచుకోవాలి.

ఏ లోహం కొనాలంటే, మన ఎండల్ని బట్టి చెప్పాలి. మిరపకోతల్లో పొద్దంతా ఒంగి కాయ కోసే మనిషి జాకెట్టు చెమటతో తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తుంది. చెమటలో ఉప్పు ఉంది. పైన మెరుగు పూసిన ఇనుప హుక్కు ఆ ఉప్పుకు ఎన్నాళ్ళో ఆగదు, తెల్లగుడ్డ మీద ఎర్రమరక దించుతుంది. నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పెడితే మరక కాస్త వదులుతుంది గానీ హుక్కు బాగుపడదు. నేనోసారి ఇత్తడివేనన్న మాట నమ్మి కొన్న హుక్కులు నెల తిరక్కుండానే తుప్పెక్కాయి. అప్పట్నుంచి చిన్న అయస్కాంతం తీసుకుని కొట్టుకు వెళ్తున్నాను. ఇనుమైతే టక్కున అతుక్కుంటుంది, ఇత్తడిని పట్టదు. కొట్టాయన నవ్వుతాడు, నవ్వనీండి.

గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి పుండయ్యేవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. ఆ దురదకు తరచు కారణం నికెల్. హుక్కుల మీద, రింగుల మీద మెరుగుగా పూసేదీ చాలాసార్లు అదే. ఒంటికి తగిలే సామాను నుంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ దిగకూడదని యూరప్ దేశాలు 1994లోనే చట్టం చేసుకున్నాయి. మన సందు కొట్లో ఆ లెక్క అడిగే వీల్లేదు గనక, మీ ఒంటికి గిల్టు పడదని తెలిస్తే నైలాను పూత ఉన్నవో, ప్లాస్టిక్‌వో తీసుకోండి. హుక్కు వెనక రెండు మడతల మెత్తటి గుడ్డ వేస్తే ఇంకా మంచిది.

ఇంట్లో బ్రా కుట్టుకునేవాళ్ళకు రింగులు, ఎనిమిది అంకెలా ఉండే స్లైడర్లు, ఎలాస్టిక్, వెనక హుక్కుల పట్టీ కావాలి. ఇలా పొడుగు పొట్టి చేసుకునే పట్టీల మీద బుర్ర పెట్టినవాళ్ళలో టామ్ సాయర్ రాసిన మార్క్ ట్వేన్ ఒకాయన అంటే నమ్ముతారా? బట్టలకు బిగించి, విప్పుకునే పట్టీ మీద ఆయన 1871లో పేటెంటు తీసుకున్నాడు, కాకపోతే వెయిస్టుకోట్లు, ప్యాంట్ల లాంటి బట్టల కోసం. రింగు లోపలి వెడల్పు, పట్టీ వెడల్పు ఒకటే ఉండాలి. రింగు పెద్దదైతే పట్టీ అడ్డంగా తిరుగుతుంది, చిన్నదైతే మడతపడి భుజాన్ని కోస్తుంది. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది మాత్రం రొమ్ము కింద చుట్టూ తిరిగే పట్టీ. భుజాల మీద గాడి పడుతోందంటే కింది పట్టీ వదులైందన్నమాట. ఎలాస్టిక్ కొనేటప్పుడు రెట్టింపు సాగదీసి వదలండి, మొదటి పొడుక్కి రాకపోతే అక్కడే వదిలేయండి. పది అంగుళాల గుడ్డకు తొమ్మిది అంగుళాల ఎలాస్టిక్ సమంగా సాగదీస్తూ జిగ్‌జాగ్ కుట్టుతో పట్టాలి. వెనక మూడు వరసల కళ్ళుంటే కొత్తలో అన్నిటికంటే బయటి వరసకు పెట్టుకోవాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలికి వస్తారు. మొదటిరోజే లోపలి వరసకు బిగించుకుంటే తర్వాత పోవడానికి చోటుండదు. తీగ పెట్టే బ్రాల జోలికి మాత్రం మొదట్లోనే పోవద్దంటాను.

ఇక బొందు. కాజాలో మెచ్చుకున్న గుణం దీనికి లేదు. కాజా తెగుతుంది, బొందు తెగదు. ఎంత బిగించినా ఓర్చుకుంటుంది, ఓర్చుకోలేనిది కిందున్న చర్మం. 2024 నవంబరులో బి.ఎం.జె. కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో వార్ధా, మధుబని డాక్టర్లు ఇద్దరు పెద్దవయసు స్త్రీల సంగతి రాశారు. ఏళ్ళ తరబడి నడుముకు బిగించి కట్టినచోట పుండుపడి, మానకుండా చివరికి చర్మ క్యాన్సరుగా తేలింది. పంచెకట్టు దగ్గర వచ్చే ఇలాంటి క్యాన్సరు గురించి బొంబాయిలో ఖానోల్కర్, సూర్యబాయి 1945లోనే రాశారు. ఇది అరుదైన జబ్బు, హడలిపోనక్కర్లేదు. కానీ నడుం మీద నల్లటి చార మన ఇళ్ళల్లో అరుదేమీ కాదు.

గుండ్రటి తాడు మానేసి అంగుళం వెడల్పున్న నూలు బొందు వాడండి, లాగుడు పరుచుకుంటుంది. లంగా నడుంపట్టీని వెడల్పుగా, రెండు మడతలుగా కుట్టండి. బొందు దోపాక వీపు మధ్యలో పట్టీతో కలిపి ఒక్క అడ్డకుట్టు వేస్తే ఉతుకులో ఊడిరాదు, పిన్నీసుతో మళ్ళీ దోపే పని తప్పుతుంది. పీటముడి వద్దు, జారుముడి చాలు. ముడి ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు పడేలా తిప్పి కట్టుకోండి.

ఈ రాత్రి లంగా విప్పాక నడుం చుట్టూ ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకోండి. పొద్దుటికి గాడి పోతే పర్వాలేదు. చర్మం నల్లబడి, గరుకుగా మారి దురద పెడుతుంటే బొందు మార్చి వదులుగా కట్టండి. పుండు పడి వారాలు గడిచినా మానకపోతే పసుపు రాసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.