చరిత్ర మరచిన వాద్యకారుడు

హౌరానుండి మన తెలుగునాటికి సాగు రైలు మొట్టమొదట దాటు స్టేషను టికియాపారా. కలకత్తాలో పొట్ట పోసికొని స్వగ్రామమునకు మరలు తెలుగువానికి వెనుకబడు తొలి తావు అది. ఇల్లు విడిచి బ్రతికిన కళాకారుని గూర్చి యోచించుటకు తగిన చోటు. ఏలనన, ఆ నగరముననే 1945 ఏప్రిల్ 25న, నలువదియొక్క సంవత్సరముల ప్రాయమున, టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను అమెరికా నల్లజాతి పియానో విద్వాంసుడు కలరా సోకి మరణించెను.

అతడు 1903లో వర్జీనియాలో జన్మించి, న్యూ ఆర్లియన్సులో పియానో నేర్చి, చికాగో చేరి, ఎర్‌స్కిన్ టేట్ బృందమున లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సరసన వాయించెను. 1926లో ఆ బృందము ఇచ్చిన రికార్డులు నేటికిని వినవచ్చును. ఆ ఏడే అతడు ఆసియాకు పయనమయ్యెను. షాంఘై, బొంబాయి, తుదకు కలకత్తా. యుద్ధకాలమున చౌరంగీలోని గ్రాండ్ హోటలులో అతని బృందము వాయించెడిది. కొలంబియా కంపెనీ ఆ పాటలను రికార్డు చేసినది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసల సంతతి పాడుకొన్న బ్లూస్ పాటకు ఒక కట్టుబాటు కలదు. మొదటి పాదమును మరల పాడి, మూడవ పాదమున భావమును ముగింతురు. వెదర్‌ఫర్డ్ బ్లూస్ గాయకుడు కాడు. ఆ పాటనుండి ఊపిరి పోసికొన్న జాజ్ సంగీతపు వాద్యకారుడు.

చికాగో రికార్డులలో అతని వ్రేళ్లు ఉరకలు వేయును. కలకత్తా రికార్డులలో నర్తకుల అడుగునకు అణగియుండును. దీనిని క్షీణదశ యనుట సులభము. నాకట్లు తోచదు. శ్రోత మారినపుడు కళ మారుట ఓటమి కాదు. సిపాయిలును, సంపన్నులును కూడిన సభలో, బర్మానుండి తరలివచ్చిన వాద్యకారులను సైతము కలుపుకొని ఒక్క శ్రుతిలో నడపుట వేరొక విద్య. చికాగోలో ఉన్నవారి చరిత్రను చికాగో వ్రాసికొన్నది; వెడలిపోయిన వాని పేరు అందులో పలుచబడినది.

అతనిని అక్షరములలో నిలిపిన వారిలో ఒకడు కవి. లాంగ్‌స్టన్ హ్యూస్ 1933లో షాంఘైలో వెదర్‌ఫర్డును కలిసికొని, 1956లో వెలువడిన తన ఆత్మకథాభాగమున అతనిని స్మరించెను. సాటి జాతివాడు పరదేశమున చేయు పనిని సాహిత్యమునకు తగిన వస్తువుగా గుర్తించుట ఆ కవి ఔదార్యము మాత్రమే కాదు, వివేకము కూడ.

1942లో యుద్ధభయముచే బర్మా విడిచివచ్చిన వారిలో వేలకొలది తెలుగువారు కలరు. వారి వెంట పాటలు రాకపోయెనా? రంగూను రేవులలో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో పాడిన తెలుగు గొంతులను మన విమర్శ ఎంతవరకు ఆలకించినది? తెలుగునేలపై పుట్టి పెరిగిన రచననే కొలుచు త్రాసు పొలిమేర దాటిన వానిని తేలికగా తూచును. త్రాసును సవరించుకొనవలసినది మనమే.