దారమూ జాబితా

గ్రంథమన్న మాటలో ముడి ఉంది, సూత్రమన్న మాటలో దారం ఉంది. పుస్తకానికి పేరు పెట్టేటప్పుడు మన పూర్వులకు రాయడం కన్నా కట్టడమే ముందు గుర్తొచ్చినట్టుంది. ఆకుకు బెజ్జం, బెజ్జంలో దారం, పైనా కిందా చెక్క పలకలు. తాటాకు పుస్తకం సంగతి ఇంతకు మించి పాఠకులకు చెప్పనక్కర్లేదు. దాని పక్కన నేను పెడుతున్నది పీడీఎఫ్ అరేంజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఫైలు తెరిస్తే పేజీలన్నీ చిన్న చిన్న బొమ్మలై తెర మీద పరుచుకుంటాయి. ఏడో పేజీని మౌస్‌తో పట్టుకుని మూడోదాని ముందుకు లాగవచ్చు, అడ్డంగా ఉంటే తిప్పవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు.

కుట్టిన పుస్తకంలో ఒకే కాగితాన్ని మడిచి పుటలు చేస్తారు కాబట్టి ఒకదాన్ని కదిలిస్తే దాని జోడూ ఊడుతుంది. తాటాకుకు ఆ బంధం లేదు, ఏ ఆకుకు ఆ ఆకు విడి. అలాగే 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్‌లోనూ ఏ పేజీకి ఆ పేజీ విడి. ఫైలులో అవి ఎక్కడెక్కడో పడి ఉండవచ్చు. వాటిని వరసలో నిలిపేది ‘కిడ్స్’, అంటే పిల్లలు, అనే జాబితా. పేజీ జరిపినప్పుడు అందులోని రాత కదలదు, జాబితాలో పేరు చోటు మారుతుంది, అంతే. తాటాకుకు దారం ఎంతో పీడీఎఫ్‌కు జాబితా అంత.

పోలిక ఇక్కడిదాకానే. తాటాకు తన అంచున అంకె వేయించుకుంటుంది. దారం తెగినా తాను ఎన్నోదో చెప్పగలదు. పీడీఎఫ్ పేజీలోనైతే ‘పేరెంట్’ అన్న మాట తప్పకుండా ఉంటుంది కానీ వరస సంఖ్య ఉండదు. తండ్రెవరో తెలుసు, తాను ఎన్నో సంతానమో తెలియదు. పేజీ అడుగున ఏడు అని అచ్చయి ఉన్నా జాబితాకు అది పట్టదు.

ఈ అమాయకత్వం నాకు ఒకసారి పని పెట్టింది. మా పొలం కాగితాలు పన్నెండింటిని ఒక దుకాణంలో స్కాన్ చేయించాను. ముందు వైపులన్నీ ఒక ఫైలు. కట్టను తిరగేసి పెట్టడంతో వెనక వైపులు చివరి నుంచి మొదటికి మరో ఫైలు. రెండోదాన్ని తిరగేసి, ఒకటి విడిచి ఒకటిగా మొదటిదానిలో కలిపాను. అరేంజర్‌కు అది చిటికెలో పని. చదవబోతే, ఆరో పుట పొలం హద్దులు చెబుతూ ‘పడమర’ దగ్గర ఆగింది, ఆ వెంటనే సాక్షుల సంతకాలొచ్చాయి. మిషన్ ఒకచోట రెండు కాగితాలను కలిపి లాగేసింది. 24 పుటలుండాల్సిన చోట 23 ఉన్నాయి. అక్కడి నుంచి ముందూ వెనకా తప్పాయి. సాఫ్ట్‌వేర్ నోరు మెదపలేదు. లెక్కబెట్టుకోకపోవడం నా తప్పు.

తాటాకు కూడా అన్నిసార్లూ కాపాడుతుందని కాదు. కావ్యమైతే మాట మధ్యలో ఆకు ముగుస్తుంది, మిగతా సగం తర్వాతి ఆకు మీద ఉంటుంది. ఆకు తారుమారైతే గణం కుంటుతుంది, ప్రాస పట్టిస్తుంది. వేమన శతకమైతే ఏ ఆటవెలదికి ఆ ఆటవెలది. పద్యం మధ్యలో ఆకు ముగియకపోతే, ఆకులెలా పేర్చినా ఛందస్సు ఫిర్యాదు చేయదు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించినప్పుడు వాటికి వరస పెట్టే పని ఆయన మీదే పడింది.

ఆకుకు ఇంకో సాక్షి పురుగు. కట్టలో పడి తొలుచుకుపోయిన పురుగు పక్కపక్క ఆకుల్లో ఒకే తీరున బెజ్జాలు మిగులుస్తుంది. వరస మారిస్తే అవి ఎదురుబొదురు పడవు. అరేంజర్‌లో సర్ది కొత్త ఫైలుగా దాచుకున్న పీడీఎఫ్‌లో మాత్రం నిన్నటి వరసకు అలాంటి ఆనవాలు ఉండదు. చెదలు పట్టని సుఖం వచ్చింది, పురుగు చెప్పే సాక్ష్యం పోయింది.

ఈ అరేంజర్‌కు పుట్టిల్లు పీడీఎఫ్ షఫ్లర్ అనే పాత సాఫ్ట్‌వేర్. షఫ్లర్ అంటే పేకముక్కలు కలిపేవాడు, అరేంజర్ అంటే సర్దేవాడు. ఒకే పనికి రెండు ఎదురు పేర్లు, రెండూ సరైనవే, ఎందుకంటే కలపడమో సర్దడమో చేసిన చేతికే తెలుస్తుంది. దారానికి చదువు రాదు, అలాగే జాబితాకూ రాదు. ఒక పుట చివరి మాటనూ మరో పుట మొదటి మాటనూ ఆనించి చూసేవాడు రెండింటికీ కావాలి. దాటిపోయిన కాగితాన్ని మళ్లీ స్కాన్ చేయించి చేర్చాక ఆరో పుట ‘పడమర’ అంది. ఏడో పుట అందుకుని, మా పెదనాన్నగారి మెట్ట అంది.