వేడి తెచ్చే తేమ

మన పెరట్లో నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ముది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. లోకంలో ఆ ప్లాస్టిక్‌లో పెద్ద వాటా క్రోమియం ఉత్ప్రేరకం మీదే తయారవుతుంది. 1951లో అమెరికాలోని ఓక్లహోమాలో, ఫిలిప్స్ పెట్రోలియంలో పనిచేసే పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ పెట్రోలులో కలిపే ద్రవాల కోసం వెతుకుతుంటే ఈ ఉత్ప్రేరకం దొరికింది.

సరుకు చూస్తే సాదాసీదా: సిలికా గుండ, దాని మీద ఒక శాతం అటూఇటూగా క్రోమియం. కానీ ఉన్నదున్నట్టు రియాక్టర్లో వేస్తే ఆ ప్లాస్టిక్‌కు ముడిసరుకైన ఇథిలీన్‌ను అది పట్టించుకోదు. ముందు కాల్చాలి. దాన్నే యాక్టివేషన్ అంటాం. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఈ పనితోనే గడిచింది.

నిలువు పాత్రలో గుండ పోసి, అడుగు నుంచి పొడిగాలి ఊదుతూ 500 నుంచి 900 డిగ్రీల దాకా గంటల తరబడి వేడి చేస్తాం. మూడో ఆక్సీకరణ స్థితిలోని క్రోమియం ఆరో స్థితికి ఎక్కి, సిలికాకు అతుక్కుంటుంది. బాగా కుదిరితే నారింజ రంగు. ఆకుపచ్చగా దిగితే చెడిందన్నమాటే.

చెడగొట్టేది తేమ. గాలిని ఆరబెట్టాం కదా అంటారు కొత్తవాళ్లు. తేమ గుండలోనే ఉంది! సిలికా పీల్చుకున్న నీరు మొదట్లోనే పోతుంది గానీ, వేడి పెరిగేకొద్దీ దాని ఒంటిమీది హైడ్రాక్సిళ్లు (OH గుంపులు) జతకట్టి కొత్తగా నీటిని వదులుతూనే ఉంటాయి. ఆ ఆవిరి క్రోమియానికీ సిలికాకూ ఉన్న బంధాన్ని తెంపుతుంది. విడిపడ్డ క్రోమియం ఆ వేడికి నిలవలేదు. ఆక్సిజన్ వదిలేసి ఆకుపచ్చ ఆక్సైడుగా ముద్దకడుతుంది. పాత్ర లోతైతే అడుగున పుట్టిన ఆవిరి పైనున్న గుండనంతా తాకుతూ పోతుంది. ల్యాబులో చిన్న గొట్టంలో దివ్యంగా వచ్చింది ప్లాంటులో చతికిలబడేది అందుకే.

వేడి తగ్గిద్దామా అంటే కుదరదు. హైడ్రాక్సిళ్లు పోయేకొద్దీ ఉత్ప్రేరకం చురుకెక్కుతుంది, పాలిమర్ గొలుసులు పొట్టివై ప్లాస్టిక్ తేలిగ్గా పారుతుంది. 900 దాటితే మాత్రం సిలికా రంధ్రాలు కుంగిపోతాయి. ఆవిరి తోడైతే ఇంకా ముందే.

కాబట్టి వేడిని నెమ్మదిగా పెంచాలి, గాలిని ధారాళంగా వదలాలి. ఆవంలో పెట్టేముందు కుండను ఆరబెట్టమని కుమ్మరికి ఎవరూ చెప్పక్కర్లేదు; షిఫ్టు తొందరగా ముగించాలనుకునే మేనేజరుకు చెప్పాల్సొస్తుంది.

ఈ పనిలోకి వస్తున్న కుర్ర ఇంజనీర్లకు నా విన్నపం: ఉష్ణోగ్రత గ్రాఫు కంటే ముందు గాలి ఎంత పోతోందో, ఎంత పొడిగా ఉందో చూడండి. దిగిన నారింజ గుండ దగ్గరికి మాస్కు లేకుండా వెళ్లకండి. ఆరో స్థితి క్రోమియం క్యాన్సర్ కారకం.