విబిఎస్‌లో ఎదిగే టీచర్లు

వేసవి సెలవుల్లో చర్చి ఆవరణలో పిల్లలకు నడిపే బైబిలు బడిని తెలుగు క్రైస్తవులు విబిఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) అంటారు. 1898లో న్యూయార్క్ ఈస్ట్‌సైడ్‌లో ఒక వైద్యుని భార్య అయిన ఎలైజా హాస్, సెలవుల్లో వీధుల వెంట తిరిగే పిల్లల కోసం ఒక బీరుహాలు అద్దెకు తీసుకుని ఇలాంటి బడి పెట్టింది. 1901 నుంచి రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు నాయకుడు ఆ పద్ధతిని విస్తరింపజేశాడు. పాఠాలు చెప్పే పని కాలేజీ విద్యార్థులకు అప్పగించాడు. నేటికీ తెలుగు ఊళ్లలో బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు నడిపే విబిఎస్‌లను చాలాచోట్ల మోసేది ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలే. చిన్నపిల్లల కోసం పెట్టిన ఈ బడి, అందులో పాఠాలు చెప్పే ఈ యువతను ఎదిగించినంతగా మరే సంఘ కార్యక్రమమూ ఎదిగించదు.

ఎండ ముదరకముందే బడి మొదలవుతుంది. ప్రార్థన, అభినయ గీతాలు, కంఠత వాక్యం, కథ, రంగులు వేసే పుస్తకం, ఆటలు, మధ్యలో మజ్జిగో బిస్కెట్లో. వయసును బట్టి పిల్లలను బిగినర్స్, ప్రైమరీ, జూనియర్ తరగతులుగా విడదీస్తారు. ఒక్కో గుంపును ఒక అక్కకో అన్నయ్యకో అప్పగిస్తారు.

అసలు కష్టం కథ దగ్గర వస్తుంది. జక్కయ్య చెట్టెక్కిన కథ అయిదేళ్ల పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. అబ్రాహాము ఇస్సాకును బలిపీఠం మీద పడుకోబెట్టిన కథ అలా కాదు. దాన్ని జాగ్రత్త లేకుండా చెబితే ఆ రాత్రి పిల్లవాడు తండ్రి పక్కన పడుకోవడానికి జంకుతాడు. ఏ వయసుకు ఏ కథ, అందులో ఎంతవరకు, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నది ముందురోజు రాత్రి కూర్చుని ఆలోచించుకోవాలి. చిన్నప్పటి నుంచి విన్న కథను పాఠం చెప్పే యువతి తనంతట తాను మొదటిసారి చదివేది అప్పుడే. జలప్రళయంలో మునిగిపోయిన పసిపిల్లలు ఏం తప్పు చేశారని జూనియర్ తరగతి కుర్రాడు అడుగుతాడు. తోచిన జవాబుతో అతని నోరు మూయించడం తేలిక. ‘నాకు తెలీదురా, పాస్టరుగారిని అడిగి రేపు చెప్తాను’ అనడానికి ధైర్యం కావాలి. మర్నాడు మాట నిలబెట్టుకుంటే ఆ కుర్రాడికి టీచరు మీద నమ్మకం కుదురుతుంది. టీచరుకు తన విశ్వాసాన్ని ప్రశ్నించుకునే అలవాటు అబ్బుతుంది.

కంఠత వాక్యం నేర్పేటప్పుడు బోర్డు మీద రాసి, ఒక్కో మాట చెరిపేస్తూ మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. అయిదో తరగతి పిల్లకు చదవడమే రాదన్న సంగతి అక్కడ బయటపడుతుంది. నలుగురిలో ఆమె తలదించుకునే పరిస్థితి రాకుండా పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తూ నేర్పడం ఏ శిక్షణ పుస్తకమూ పూర్తిగా నేర్పలేని పని. పిల్లలను గమనించే ఈ అలవాటు తర్వాత బడిపంతులుగానో, నర్సుగానో, తల్లిగానో బతికే మనిషికి ఆస్తి.

క్రైస్తవేతర ఇళ్ల పిల్లలు కూడా పాటల కోసం, ఆటల కోసం వస్తారు. వాళ్ల తల్లిదండ్రులకు బడిలో ఏం చెబుతారో ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. నరకం పేరుతో ఏ బిడ్డనూ భయపెట్టకూడదు, ఇంటి ఆచారాలను చులకన చేయకూడదు. ఇంత సున్నితమైన బాధ్యత పద్దెనిమిదేళ్ల వయసులో మరెక్కడా దొరకదు. దాన్ని నిలబెట్టుకోగలిగినవాళ్లకు మాటలో నిదానం వస్తుంది. పెద్దలెవరైనా సరే, ఒక బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమాన్నీ మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

అయితే చాలా సంఘాల్లో శ్రద్ధంతా ముగింపు రోజు మీదే ఉంటుంది. స్టేజీ, బహుమతులు, తల్లిదండ్రుల ముందు పాటల ప్రదర్శన కోసం చివరి రోజులన్నీ రిహార్సల్‌కే పోతాయి. కథ, సంభాషణ వెనకబడతాయి. గుంపులో యాభై మందిని కూర్చోబెట్టి మైకు ఇస్తే టీచరు అరవడం నేర్చుకుంటాడు తప్ప ఒక్క పిల్లవాడి పేరూ గుర్తుపెట్టుకోలేడు. సంఘ పెద్దలు ఈసారి ముగింపు సభ ఖర్చు కొంత తగ్గించి, సెలవులకు ముందే టీచర్లను కూర్చోబెట్టి కథలు చెప్పించి చూడాలి. ఒక్కొక్కరికి పదిమంది పిల్లలకు మించి అప్పగించకూడదు.