మైనస్ మూడు అంటే మూడో స్థానం

ఎనిమిదో తరగతిలో 10⁻³ విలువెంత అని అడిగితే తరచూ మూడు రకాల తప్పు జవాబులు వస్తాయి. ఒకరు మైనస్ వెయ్యి అంటారు. ఇంకొకరు మైనస్ ముప్పై అంటారు. మరొకరు పాయింటు పెట్టి, దాని తర్వాత మూడు సున్నాలు వేసి 0.0001 అని రాస్తారు.

మూడూ తప్పే అయినా, వాటి వెనక ఆలోచన లేకపోలేదు. మొదటివారికి మైనస్ గుర్తు చూడగానే రుణసంఖ్య తట్టింది. రెండోవారు ఘాతాంకంతో పదిని గుణించారు. మూడోవారు స్థానాలు లెక్కపెట్టాల్సిన చోట సున్నాలు లెక్కపెట్టారు. ఘాతాంకం రుణమైతే తలకిందులు చేయండి అనే సూత్రం ఒక్కటే అప్పజెబితే మార్కులు రావచ్చు గానీ ఈ చిక్కులు విడవు.

నల్లబల్ల మీద ఒక పట్టిక వేస్తే విడతాయి. పై నుంచి కిందికి 10³, 10², 10¹ రాసి, పక్కన 1000, 100, 10 రాయాలి. ఒక్కో వరుస దిగేకొద్దీ ఘాతాంకం ఒకటి తగ్గుతుంది, విలువ పదో వంతు అవుతుంది. అదే లెక్కన 10⁰ దగ్గర 1 వస్తుంది. అక్కడితో ఆపకుండా 10⁻¹, 10⁻², 10⁻³ రాసి, పక్కన 1/10, 1/100, 1/1000, ఆ పక్కనే 0.1, 0.01, 0.001 రాయించాలి. విలువ చిన్నదవుతోందే తప్ప సున్నా కంటే కిందికి పోవడం లేదని పిల్లలే చెబుతారు. నమ్మకం కుదరనివారికి 10² ÷ 10⁵ ఇవ్వాలి. వందను లక్షతో భాగించినా 1/1000 వస్తుంది, రెండులోంచి ఐదు తీసేసినా మైనస్ మూడే వస్తుంది.

రుణ ఘాతాంకం దశాంశ స్థానాన్నే చెబుతుంది. 1585లో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త దశాంశాల మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో పాయింటు ఉండదు. అంకె పక్కన సున్న చుట్టి, అందులో దాని స్థానం రాశాడు. పదో వంతుకు 1, నూరో వంతుకు 2, వెయ్యో వంతుకు 3. ఆ అంకెల ముందు మైనస్ పెడితే అవి మన ఘాతాంకాలే! నగల దుకాణం బిల్లులో 8.245 గ్రాములు అని ఉంటే, ఆఖరి 5 మూడో స్థానంలో ఉంది కాబట్టి 5 × 10⁻³ గ్రాములు, అంటే ఐదు మిల్లీగ్రాములు.

పోల్చేటప్పుడు మాత్రం భిన్నమే నయం. 10⁻⁶, 10⁻⁹లలో ఏది పెద్దదంటే చాలామంది తొమ్మిదిని చూసి రెండోది అంటారు. పది లక్షల్లో ఒక వంతు పెద్దదా, వంద కోట్లలో ఒక వంతు పెద్దదా అని అడిగితే తడబడరు.

ఘాతాంకాల మధ్య తేడా తెలియడం ప్రాణావసరం కూడా. థైరాయిడ్ మాత్ర మీద 50 ఎంసీజీ అని ఉంటుంది. అంటే 50 మైక్రోగ్రాములు, 50 × 10⁻⁶ గ్రాములు, 0.05 మిల్లీగ్రాములు. దాన్ని 50 ఎంజీగా, అంటే మిల్లీగ్రాములుగా చదివితే మోతాదు వెయ్యి రెట్లవుతుంది.

లెక్కల మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. సూత్రం చెప్పే ముందు ఒక పీరియడ్ ఆ పట్టికకు ఇవ్వండి. భిన్నం, దశాంశం రెండు గళ్లూ పిల్లల చేతే నింపించండి. మర్నాడు ఇంట్లో ఉన్న మందుల అట్టల మీది మోతాదును గ్రాముల్లోకి మార్చి రాసుకురమ్మనండి.