నమూనాకు ఎక్కని మర్రి: ప్రభుత్వ నిర్మాణ టెండర్లలో డిజిటల్ నమూనాలు - ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నిర్మాణరంగంలో ‘బిమ్’గా వ్యవహరించే డిజిటల్ సమాచార నమూనాలను ప్రభుత్వ టెండర్లలో ప్రవేశపెట్టాలనే వారు ప్రధానంగా మూడు ప్రయోజనాలను పేర్కొంటారు. అవి పరిమాణాల లెక్కలో కచ్చితత్వం, వ్యయనియంత్రణ, ఒక నిర్మాణభాగం మరొకదానికి అడ్డుపడే చోట్లను ముందే గుర్తించడం. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్రప్రభుత్వ ప్రాజెక్టులలో ఈ విధానాన్ని తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2014/24 ఆదేశం సభ్యదేశాలు ఇటువంటి సాధనాలను కోరవచ్చునన్నది. మనదేశంలో నాగపూర్ మెట్రో వీటిని వినియోగించింది. ఈ ప్రయోజనాలు కాదనలేనివే. కానీ నమూనాలో ఏది చేరాలో ఎవరు, ఏ దశలో నిర్ణయిస్తారన్న ప్రశ్నను ఈ చర్చ దాటవేస్తున్నది. మొయినాబాద్, చేవెళ్ల రహదారి ఉదాహరణగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. చేవెళ్ల రహదారి

163వ జాతీయ రహదారిలో అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కి.మీ. మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించాలన్నది ప్రణాళిక. ఈ మార్గానికి ఇరువైపులా దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు తరువాత జరిగిన సవరణల మేరకు, జాతీయ రహదారి విస్తరణ 100 కి.మీ. దాటి, నిర్దిష్ట పరిమితికి మించి అదనపు భూమి అవసరమైనప్పుడే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. 46 కి.మీ. మార్గం ఆ పరిధిలోకి రాదు. ఫలితంగా మర్రిచెట్ల వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. చెట్లలో అత్యధికం ఉన్నచోటనే నిలిచేలా ప్రణాళిక మారేసరికి ఏళ్లు గడిచాయి.

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొనగా 19 మంది మరణించారు. ఆ ప్రమాదానికి ఇరుకుదారి ఒక్కటే కారణమని తేల్చడం శాస్త్రీయం కాదు. చెట్లను కాపాడాలన్న వారిని దోషులుగా నిలపడం అంతకన్నా అన్యాయం. చెట్లూ ప్రాణాలూ ఎదురెదురు పక్షాలుగా కనిపించడానికి కారణం, ఆ రెండింటినీ ఒకే పటం మీద తగిన సమయంలో చూడకపోవడమే.

3. టెండరు చూపు, నమూనా చూపు

నమూనా ఉన్నంతమాత్రాన ఈ చిక్కు తీరేదా? తీరేది కాదు. ఐఎస్ఓ 19650 ప్రమాణం ప్రకారం తనకు ఏ సమాచారం కావాలో పని అప్పగించే సంస్థే టెండరు దశలో నిర్దేశించాలి. అక్కడ మర్రి ప్రస్తావన లేకపోతే నమూనాలోనూ ఉండదు. లెక్కలోకి రాని చెట్టుకు రోడ్డు అడ్డుపడుతున్నదని ఏ సాఫ్ట్‌వేరూ హెచ్చరించదు.

జాతీయ రహదారుల ఈపీసీ ఒప్పందాలలో వివరమైన డిజైన్ బాధ్యత గుత్తేదారుదే. చెల్లింపులు దశలవారీ శాతాలను బట్టి జరుగుతాయి. అందువల్ల పరిమాణాల కచ్చితత్వం వలన కలిగే లాభం ఎక్కువగా గుత్తేదారుకే చేరుతుంది. ఒప్పందం కుదిరాక చెట్టు కోసం మార్గం మార్చితే అది ‘పనిపరిధి మార్పు’ అవుతుంది. దానితో వ్యయం, గడువు మళ్లీ చర్చకు వస్తాయి. టెండరుకు ముందు ఒక గీత సవరణతో ముగిసే పని ఒప్పందం తరువాత వివాదంగా మారుతుంది.

4. ముగింపు

కనుక నమూనాను తప్పనిసరి చేయడం కన్నా దానిలో ఏమేమి ఉండాలో తప్పనిసరి చేయడం ముఖ్యం. ప్రతి వృక్షం స్థానం, కాండం చుట్టుకొలత, వేళ్ల విస్తృతి, ప్రమాదాలు జరిగిన స్థలాలు, చెరువు కాలువలు టెండరు పత్రంలోనే భాగం కావాలి. ఆ నమూనా ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఐఎఫ్‌సీ రూపంలో ఉంటే చిన్న గుత్తేదారులకూ, మొయినాబాద్ రైతుకూ, పరిశోధకునికీ అందుబాటులో ఉంటుంది. బిడ్లు తెరవకముందే దానిపై ప్రజాభిప్రాయం తీసుకోవాలి. లేనిపక్షంలో డిజిటల్ నమూనా పాత అలక్ష్యాన్నే మరింత కచ్చితమైన కొలతలతో చూపే సాధనంగా మిగిలిపోతుంది.