బడి గడప, రేవు గట్టు: దిగువ కృష్ణా డెల్టా రచనల్లో విద్య, వైద్యం

తెలుగు దళిత సాహిత్య విమర్శలో చదువును గురించి ఒక స్థిరమైన కథాసూత్రం ఉంది. మిషనరీ వచ్చాడు, బడి పెట్టాడు, అక్షరం అందింది, ఆత్మగౌరవం మేల్కొంది. ఇందులో సత్యం లేకపోలేదు. అయితే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల చరిత్రను, ఆ నేలను చిత్రించిన రచనలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఈ సూత్రం పలుచోట్ల తెగిపోతుంది. ఎక్కడ తెగుతున్నదో గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో వెలువరించిన ‘యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్’ను ప్రధాన ఆకరంగా తీసుకున్నాను.

బందరు బడి

రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో స్థాపించిన పాఠశాల నేటి నోబుల్ కళాశాలకు మూలం. కోస్తా జిల్లాల ఆధునిక విద్యాచరిత్రను ఈ బడితో ప్రారంభించడం ఆనవాయితీ. ఆ చరిత్రలు సాధారణంగా తడిమి వదిలేసే విషయం ఒకటుంది. నోబుల్ తన బడిని అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించి నడిపాడు. అంటరానివారిని చేర్చుకుంటే వారు రావడం మానేస్తారన్న భావనతో ఆ పిల్లలకు ప్రవేశం నిరాకరించాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం స్వీకరించగానే తల్లిదండ్రులు పిల్లలను పెద్ద సంఖ్యలో మాన్పించారు. అంటే ఏ వర్గాల కోసం మిగిలినవారిని గడప బయట నిలిపారో, ఆ వర్గాలే బడిని ఖాళీ చేశాయి. మిషన్ విద్య అంతా ఒకటే అనుకోవడం మన విమర్శ చేస్తున్న పొరపాటు. పట్నంలోని ఉన్నత పాఠశాల వేరు, పల్లెలో పేటలో వెలసిన చిన్న బడి వేరు. దళితులకు మొదట అక్షరం ఇచ్చింది ఎక్కువగా ఈ రెండవదే.

గుడివాడ పేట

గిడ్ల గ్రంథం ఆ రెండవ దారిన వచ్చిన కుటుంబం కథ. ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి, శివసాగర్‌గా తెలుగు కవిత్వానికి సుపరిచితుడు, 1931లో కృష్ణా జిల్లాలో జన్మించాడు. తల్లి మంజుల ఆయన చెల్లెలు. గుడివాడలోని దళిత పేట వారి జీవితానికి కేంద్రం. వీరి తల్లిదండ్రులు చదువుకున్నవారు. ‘అక్షరం అందని’ కుటుంబం కాదిది. అందిన తరువాత ఏమైందన్నదే ఈ పుస్తకపు అసలు ప్రశ్న. సత్యమూర్తి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చేరాడు. ప్రవేశం దొరికింది కానీ తిండి, బట్ట దొరకలేదు. మంజుల బెనారసు హిందూ విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి ఎం.ఏ. చేసింది. ఆ పైన ఎదురైనవి తాత్కాలిక ఉద్యోగాలు, ఊరూరా బదిలీలు, పిల్లలకు దూరంగా గడిపిన కాలం.

సమీక్షకులు ఈ భాగాలను ‘పోరాట పటిమ’ శీర్షిక కింద మెచ్చుకున్నారు. నాకు ఆ మెప్పు కాస్త తొందరపాటుగా తోస్తుంది. రచయిత్రి దృష్టి పటిమ మీద కన్నా ఖర్చు మీద ఉంది. ఎవరు అన్నం మానుకున్నారు, ఎవరి చదువు కోసం ఎవరి పెళ్ళి నిర్ణయమైంది, ఏ చీర అరువు తెచ్చుకున్నది అన్న లెక్కలు ఆమె విడవదు. సత్యమూర్తి తల్లి చిన్నవయసులోనే మరణించడం కూడా ఈ లెక్కలో భాగమే. విమర్శ దానిని కథలో ఒక విషాద ఘట్టంగా చూసి దాటిపోయింది. బడి ఒక తరాన్ని లేపితే, ఇంటిలో ఒక్క జబ్బు ఆ తరాన్ని వెనక్కి నెట్టగలదు. విద్యను, వైద్యాన్ని వేరువేరు అధ్యాయాలుగా చదివే మన అలవాటు ఈ సంబంధాన్ని కనపడనీయదు.

మరొక మాట. గుడివాడ పేట జీవితం ఇంత వివరంగా నమోదైనది ఇంగ్లీషులో. దీనిని తెలుగు నవల తనకు తానే వేసుకోవలసిన ప్రశ్నగా భావిస్తాను.

దివిసీమ నీళ్ళు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను సాహిత్యంలోకి తెచ్చింది. వేలమంది ప్రాణాలు పోయిన ఆ విపత్తుపై దిగంబర కవులలో ఒకరైన నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ మన దీర్ఘకవితలలో ముఖ్యమైనది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఉప్పెన లేని రోజున దివిసీమ మన కవిత్వంలో దాదాపు కనిపించదు.

నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవికి చేరాలంటే ఏటిమొగ రేవులో నీరు దాటాలి. ఈలచెట్లదిబ్బ వంటి మత్స్యకార పల్లెలదీ అదే స్థితి. 2009 విద్యాహక్కు చట్టం కింద రూపొందిన నిబంధనలు ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలంటాయి. కిలోమీటరుకు పాయ తెలియదు, ఆటుపోటు తెలియదు. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 అన్నది ప్రమాణం. యానాదులు షెడ్యూల్డు తెగ అయినా కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. పీతలు, చేపలు పట్టుకుంటూ కాలువగట్ల మీద బతికే కుటుంబం లెక్కలో మైదానవాసి అవుతుంది. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత సుమారు 67 శాతం కాగా, షెడ్యూల్డు తెగలలో సుమారు 49 శాతమే. వసతిగృహంలో సీటుకు కులధ్రువీకరణ కావాలి. స్థిరమైన చిరునామా, పుట్టిన తేదీకి ఆధారం లేని తల్లిదండ్రులకు ఆ కాగితం సంపాదించడమే మొదటి పరీక్ష.

2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. జిల్లాకు ఇది పెద్ద మేలు. అయినా రాత్రివేళ నొప్పులు మొదలైన దీవి స్త్రీకి ముందుగా కావలసినది పడవ, దానిని నడిపే మనిషి.

నా తరగతిలో దీవి నుండి వచ్చే విద్యార్థిని ఒకరు ఉండేవారు. పడవ తప్పిన రోజు మొదటి పీరియడుకు గైర్హాజరు పడేది. డెబ్బై అయిదు శాతం హాజరు నిబంధన ముందు ఆమె కారణం నమోదు చేయడానికి పట్టీలో గడి లేదు. మన పరిశోధనలోనూ లేదు. ఎదురుమొండి పడవవారు, కాన్పులు చేసిన మంత్రసానులు, యానాది వసతిగృహాల తొలితరం విద్యార్థులు చెప్పే కథనాలను సేకరించిన సిద్ధాంత గ్రంథం నాకింతవరకు తారసపడలేదు. దివిసీమ మౌఖిక సాహిత్యంపై పనిచేయదలచిన వారు పాటలతో పాటు వీటినీ రికార్డు చేయాలి. ఆ తొలితరం వారిలో చాలామంది ఇప్పటికే వృద్ధులు.